ఓటికుండల ఎన్నిక

ఆ రోజుల్లో మా దీవికి సొంత శాసనసభ ఉండేదని చెబితే మా పిల్లలు నమ్మరు. వాళ్ళకు తెలిసిన శాసనసభ కౌలాలంపూరులో ఉంది. ఈమధ్య దేశమంతటా ఓట్లు వేయించి దానికి మెంబర్లను పంపారు. నేనూ క్లాంగులో రెండు గంటలు వరసలో నిలబడి వేసి వచ్చాను. మా దీవి సభకు భవనం లేదు. తోట ఆఫీసు వరండాలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, అంతే. వాన జల్లు కొడితే సభవారే లేచి బల్లను గోడవైపు జరుపుకునేవారు. మొత్తం మీద ఏడెనిమిది సార్లు కూర్చుందేమో. తరవాత తోట మేనేజరు దొర సెలవు మీద ఇంగ్లండు సీమకు వెళ్ళాడు, సభ కూడా సెలవు మీద వెళ్ళి మళ్ళీ రాలేదు. అయినా ఆ వరండాను నేను మరిచిపోలేదు. ఆ సభకు జరిగిన ఒకే ఒక్క ఎన్నికలో తెలుగువాళ్ళు తమ అక్షరాలను తామే ఓడించుకున్నారని, మా దీవి నుంచి చెదిరిపోయిన కుటుంబాలన్నిటిలోనూ ఈనాటికీ ఒక మాట ఉంది. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు ముసలివాళ్ళు దాన్ని ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. "నువ్వేసుంటే గెలిసీవోడు." "నానేసినాను, నువ్వే ఎయ్యనేదు." నిజానికి ఇద్దరూ వేశారు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

క్లాంగు నది సముద్రంలో పడేచోట మడచెట్ల దీవులు చాలా ఉన్నాయి. వాటిలో మాది చిన్నది. నడుమ రబ్బరు, అంచుల్లో కొబ్బరి, ఆ అంచు దాటితే బురద. వారానికి రెండుసార్లు రేవు నుంచి పడవ వచ్చి బియ్యం, ఎండుచేపలు, ఉత్తరాలు దింపి, రబ్బరు షీట్లు ఎక్కించుకుపోయేది. కూలీల ఇళ్ళ వరసను లైను అనేవాళ్ళం. ఒకటి తమిళ లైను, ఒకటి తెలుగు లైను. తెలుగు లైనంతా విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ. నేనూ ఆ పిల్లల్లో ఒకణ్ణే, కాని కానట్టు తిరిగేవాణ్ణి. క్లాంగులో మిషను బడిలో ఆరేళ్ళు చదివి, పందొమ్మిదో ఏట తోట ఆఫీసులో చిన్న కిరాణీగా, అంటే చిన్న గుమాస్తాగా చేరాను. (పెద్ద కిరాణీ ఒకాయన ఉండేవాడు. ఆయనకు తెలుగు రాదు, నడుంనొప్పి మాత్రం తరచూ వచ్చేది. కాబట్టి తెలుగు లైనుతో పనంతా నాదే.) తెల్ల ప్యాంటు, కాన్వాసు బూట్లు, కొబ్బరినూనె కారే నడిపాపిట. దీవి నిండా బురద కనుక బూట్లు చేత్తో పట్టుకుని నడిచి, ఆఫీసు మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కుని తొడుక్కునేవాణ్ణి. మా లైను ఆడవాళ్ళు ఆ దృశ్యం చూడ్డానికే రబ్బరు పాల బకెట్లు దింపి ఆగేవారు.

మా నాన్న నా చిన్నప్పుడే జ్వరంతో పోతే మమ్మల్ని చూసినవాడు మా మావ, అమ్మకు తమ్ముడు. పగలంతా ఇనప గునపం మీద కొబ్బరికాయల డొక్కలు ఒలిచేవాడు. సాయంత్రం పాటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయి తడి ఇసుక బయటపడితే, లైను పిల్లలందరినీ పోగేసి ఒక ఈనెల కట్టతో దాని మీద అక్షరాలు రాసేవాడు. మామూలుగా రాసేవాడు కాదు. ఒక్కో అక్షరం పడవంత. పిల్లలు దాని గీత మీదే నడవాలి. 'అ' మీద నడిచి వస్తే 'అ' వచ్చినట్టు. 'ఋ' దగ్గర సగం మంది దారి తప్పేవారు. పోటు వచ్చే లోపల నడక అయిపోవాలి. "బేగి నడండర్రా, సముద్రం ఒచ్చి పలక తుడిసీసినాదంటే మళ్ళీ రేపే!" అని వెనక నుంచి అరిచేవాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను. మిషను బడిలో ఇంగ్లీషు కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను గాని, తెలుగు మాత్రం కాళ్ళతో నేర్చుకున్నాను. మావకు ఒకటే కోరిక ఉండేది. తోటలో తెలుగు పిల్లలకు ఒక బడి, కప్పు ఉన్న బడి, మన దేశం నుంచి ఓడలో వచ్చిన పంతులు.

మా మేనేజరు పొడుగు దొర. ఆఫీసు గుమ్మం తలకు తగులుతుందని ఆయన వంగి నడిచీ నడిచీ, గుమ్మం లేని చోట కూడా వంగేవాడు. సీమలో ఆయన అన్న ఎవరో పార్లమెంటుకు నిలబడి గెలిచాడట. ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ దొరకు కుదురు లేదు. ఒకనాడు నన్ను పిలిచి, ఈ దీవికీ ఒక సభ ఉండాలన్నాడు. తను అధ్యక్షుడు. ఆస్పత్రి డ్రస్సరును తనే మెంబరుగా వేస్తాడు. లైనుకొక మెంబరును కూలీలే ఎన్నుకోవాలి. పేర్ల పుస్తకంలో పేరున్న ప్రతి మనిషికీ, ఆడా మగా, ఒక ఓటు. తమిళ లైనువాళ్ళు సాయంత్రానికల్లా తమలో ఒక పెద్దాయన పేరు ఏకంగా చెప్పేశారు. తెలుగు లైనులో మాత్రం ఇద్దరు నిలబడ్డారు. ఒకడు మీసాల కంగాణి, మా లైను పని చూసే మేస్త్రీ. రెండోవాడు మా మావ. దొర ఇంకో మాట కూడా చెప్పాడు. తెలుగు లైను పిల్లలకు కంపెనీ ఒక పంతులును ఇస్తుంది; ఆ పంతులు తెలుగు చెప్పాలా తమిళం చెప్పాలా అన్నది తెలుగు లైను మెంబరు ఎలా అంటే అలా. ఆ మాట విన్న రోజు మావ డొక్కలు ఒలవడం ఆపి గునపం పక్కనే కూర్చుండిపోయాడు. "నిజంగా అన్నాడేటిరా దొర? నువ్వు సరిగ్గా ఇన్నావా?" అని మూడుసార్లు అడిగాడు.

ఈ సంగతులన్నీ తెలుగు లైనుకు చాటింపు వేసే పని నాకు పడింది. మామూలు మాటల్లో చెబితే సరిపోయేది. నేను ఆఫీసు మెట్లెక్కి, బూట్లు తుడుచుకుని, గ్రాంథికంలోకి దిగాను. "దొరవారు మన యందు దయ వుంచి ప్రతి యొక్కరికిని ఓటు ఇచ్చియున్నారు. ఆదివారమున కచ్చేరి యందు ఓటుకుండలు వుండును. ఎల్లరును ఓటుకుండ కడకు రావలెను." జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. నా భాష గొప్పతనమే అనుకున్నాను. ఓటు అన్న మాట అంతకు ముందు మా లైనులో ఎవరూ విని ఉండలేదని నాకు తట్టలేదు. మా వైపు ఓటికుండ అంటే పగిలి కారిపోయే కుండ. అది మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది.

మర్నాడు పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి మెట్ల దగ్గర నుంచి కొబ్బరి వరస దాకా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చంకలో ఒక్కో పగిలిన కుండ. అందరికంటే ముందు వక్కలప్ప. ఆమె మా లైనులో అందరికీ అప్పే, అంటే అక్కే. నోట్లో తాంబూలం లేకుండా నేనెప్పుడూ ఆమెను చూడలేదు.

"బావూ, ఇదిగో నా ఓటికుండ. కొత్తది ఇంతకన్నా పెద్దదియ్యి. మా ఇంట గుంటా పిల్లా ఎక్కువ."

"ఏ కుండ అప్పా?"

"ఓటికుండ! నిన్న నువ్వే గదా మెట్లెక్కి ఒర్లినావు, దొర ఓటికుండలు ఒట్టుకు రమ్మన్నాడని? పాతదిత్తే కొత్తదిత్తాడని అందరూ అంటన్నారు."

నా చెవులు వేడెక్కాయి. సరిగ్గా అప్పుడే పొడుగు దొర వంగుతూ బయటికొచ్చాడు. ఇరవై ముప్ఫై పగిలిన కుండలను చూసి, తనకు వచ్చిన తోట తమిళంలో "ఎన్న ఇదు, కిరాణి?" అన్నాడు. ఇది నా చాటింపు ఘనత దొరా అని చెప్పి ఉంటే ఆయన నవ్వేవాడు, నేను రెండు రోజులు సిగ్గుపడేవాణ్ణి, ఇవాళ ఈ రాత ఉండేది కాదు. కాని నాకు కాన్వాసు బూట్లు ఉన్నాయి కదా. ఇంగ్లీషులో ఇలా అన్నాను: ఇది మా దేశాచారం దొరా. పెద్దమనిషిని ఎన్నుకునే ముందు ఇంటికొక పాత కుండ తెచ్చి పెడతారు. పాత తగాదాలన్నీ పగిలిపోయాయని దాని అర్థం.

దొర కళ్ళు మెరిశాయి. జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది రాసుకున్నాడు. (ఆ పుస్తకం ఇప్పుడు సీమలో ఎక్కడో ఉండే ఉంటుంది. మా వాళ్ళ ఆచారాల మీద ఎవరైనా అందులోంచి ఉపన్యాసం ఇచ్చి ఉంటే తప్పు నాదని మనవి.) రాసుకుని, ఇంత చక్కని ఆచారం ఉండగా ఎన్నికకు కొత్త కుండలెందుకు, వీటిలోంచే రెండు తీసి పెట్టు అన్నాడు. కొత్త కుండలు ఇవ్వరని నేను ఆడవాళ్ళకు చెప్పాల్సి వచ్చింది. వక్కలప్ప నన్ను ఎగాదిగా చూసి, "ఓటికుండ ఒట్టుకుని ఓటు ఇత్తాడంట! ఏటమ్మా ఈ యాపారం!" అని ఉమ్మి వెళ్ళిపోయింది. చివరికి ఓటంటే ఏమిటో లైనుకు చెప్పినవాడు మావే. ఇంటింటికీ వెళ్ళి, "ఓటంటే ఏటీ నేదమ్మా, మాటే. నోటితోటి సెప్పకుండా గింజతోటి సెప్పీ మాట" అన్నాడు. నా గ్రాంథికం చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది.

వరండా మీది కుండల్లో పనికొచ్చేవి రెండే మిగిలాయి. ఒకదానికి మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది, అంతే. రెండోదానికి అడుగున బొటనవేలు దూరేంత కన్నం. రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీసాల కంగాణి వచ్చి, మీసం మీద చెయ్యేసి, "ఏరా కిరాణీ, నాదేది?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు గాని గొంతు పెద్దది. నా చెయ్యి దానంతటదే మంచి కుండను ఆయన వైపు తోసింది. కన్నం కుండ మావకు పడింది. దానికి నేను మనసులో చెప్పుకున్న సమాధానం నాకిప్పటికీ గుర్తుంది: మావే కదా, మనవాడే, ఏమనుకుంటాడు! ఇరవై ఏళ్ళుగా నన్ను తినేసింది అబద్ధాల కంటే ఆ మాటే. మనవాళ్ళు ఏమీ అనుకోరని ధైర్యం చిక్కినప్పుడల్లా మనం ఓటిదేదో చూసి మనవాళ్ళకే ఇస్తాం. కన్నం మీద గంజితో ఆఫీసు కాగితం అతికించాను. మావ కుండను ఎత్తి కింద నుంచి చూశాడు.

"ఇది ఆగుతాదేటిరా?"

"నీళ్ళా ఏమిటి మావా? గింజలే కదా!"

"సర్లే. నువ్వు సదూకున్నోడివి" అన్నాడు.

చదువురాని వాళ్ళకు గుర్తుండాలని కుండల మీద సున్నంతో బొమ్మలు వేశాను. కంగాణి కుండకు మీసం. అది బ్రహ్మాండంగా కుదిరింది. మావ కుండకు తెరిచిన పుస్తకం వేశాను. వక్కలప్ప తల అటూ ఇటూ వంచి చూసి, "ఈ తలుపు ఎవులిది?" అంది. దాంతో లైనంతా మీసం కుండ, తలుపు కుండ అనడం మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చింది. మావకు రాలేదు. "తలుపే అననీరా. ఏటి తప్పు? అటూ ఇటూ తెరుసుకునీదే గదా రెండూ" అన్నాడు.

ఆదివారం వచ్చింది. ఓటుకు గుర్తు చింతగింజ. ఇళ్ళల్లో చింతగింజలకు కొదవ లేదు కనుక దొంగ గింజలు పడకుండా డెబ్భై ఒక్క గింజలను ఆఫీసు ఎర్ర సిరాలో నానబెట్టాను. (గింజలు ఒక పూటలో ఆరాయి. నా వేళ్ళు వారం దాకా ఆరలేదు.) ఆఫీసు గది చెక్కల నేల మీద, బురద తగలకుండా ఎత్తుగా స్తంభాల మీద కట్టింది. ఆ గదిలో గోనెపట్టా తెర వెనక రెండు కొబ్బరిపీచు కుదుళ్ళ మీద రెండు కుండలూ నిలబెట్టాను. ఒక్కొక్కరికీ ఒక్కో గింజ ఇచ్చి తెర వెనక్కి పంపాను. కొత్త చీరలు కట్టుకుని వచ్చారు అందరూ. ఒకాయన తెర వెనక్కి వెళ్ళి ఎంతకీ రాకపోతే దొర తొంగి చూశాడు. ఆయన కుండల ముందు సాష్టాంగపడి ఉన్నాడు. ఒక కొత్త పెళ్ళికూతురు మొగుడి చెయ్యి వదలనంది. కంగాణి తన వాళ్ళందరికీ మెట్ల దగ్గర మీసం తడిమి చూపిస్తున్నాడు. వక్కలప్ప వెళ్ళి ఎర్రటి నోటితో నములుతూ బయటికొచ్చింది. వరండాలో గొల్లుమన్నారు.

"అప్పా, ఓటు తినీసినావేటి?"

"నీ నోట మన్నెట్ట! ఇది వక్క! నా గింజ తలుపులోన ఏసినాను. ఒట్టు!"

ఎవరికి వేశారో చెప్పకూడదని దొర చెప్పిన నియమం అలా మొదటి గంటలోనే పోయింది. మావ మాత్రం కొబ్బరి చెట్ల కింద పాత బడిపిల్లల మధ్య కూర్చుని నవ్వుతున్నాడు. ఆ ముఖం నేను మళ్ళీ చూడలేదు. అంత వెలుగు.

మధ్యాహ్నం దొర కుండలు బల్ల మీద బోర్లించి లెక్క పెట్టాడు. మీసం కుండలో ముప్ఫై ఒకటి. తలుపు కుండలో ఆరు. ఇచ్చినవి డెబ్భై ఒకటి కదా, మిగతావి ఏవని దొర నా వైపు చూశాడు. నా కళ్ళు కుండ అడుగున ఊగుతున్న చిరిగిన కాగితం మీద ఉన్నాయి. అది చూసీ చూడనట్టు రెండో అబద్ధం ఆడాను. మా వాళ్ళు ఎర్రగింజను శుభమనుకుంటారు దొరా, ఇళ్ళకు తీసుకుపోయి ఉంటారు. దొర మళ్ళీ పుస్తకం తీశాడు. వరండాలో జనం మాత్రం వక్కలప్పను చూసి, తినీసినారు తినీసినారు అని నవ్వారు. మీసాల కంగాణి తెలుగు లైను మెంబరయ్యాడు. మావ లేచి వచ్చి కంగాణికి దణ్ణం పెట్టి, నా పక్కన నిలబడి వేళ్ళు మడిచాడు. "నాను, మీ యత్త, మీ యమ్మ, నువ్వు. నలుగురం. పైవోళ్ళు ఇద్దరు. ఇద్దరే గదరా!" అన్నాడు. ఆ ఇద్దరినీ తలుచుకుని గౌరవంగా తలూపాడు కూడా.

మంగళవారం నాడు ఆఫీసు కింద కోళ్ళు కొట్లాడుకుంటున్న చప్పుడుకు వంగి చూశాను. సరిగ్గా తలుపు కుండ పెట్టినచోట, రెండు చెక్కల సందు కింద ఇసుకలో ఎర్రటి కుప్ప. కోళ్ళు పొడిచి, తినలేక వదిలేస్తున్నాయి. బూట్లతోనే పాకుతూ వెళ్ళి ఏరాను. ముప్ఫై నాలుగు. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ ముప్ఫై నాలుగే. కాగితం ఊడి, కుదురు నడిమి నుంచి, చెక్కల సందు నుంచి మా లైను మాటంతా కోళ్ళ పాలైంది. మావకు నలభై, కంగాణికి ముప్ఫై ఒకటి. నేను ఆ మోకాళ్ళ మీద నుంచే దొర గదిలోకి వెళ్ళి ఉండాల్సింది. కాని వెళితే కన్నం కుండ ఎందుకు పెట్టావంటాడు, ఆచారం దొరా అనాలి, ఆచారం ఎక్కడిదంటాడు. ఒక అబద్ధం విప్పితే రెండోదీ విప్పాలి. ఉద్యోగం పోతుంది, బూట్లు పోతాయి. గింజలు రుమాల్లో మూటకట్టి పడవల రేవు చివరికి వెళ్ళి నీళ్ళలో వేసేశాను. చింతగింజలు తేలవు. అది ఒక్కటే ఆ రోజు నాకు కలిసొచ్చిన సంగతి.

సభ మొదటిసారి కూర్చున్నప్పుడు నేనే దుబాసీని. కంగాణి లేచి, తమిళ పంతులే కావాలన్నాడు. ఆయన చెప్పిన కారణంలో దుర్మార్గమేమీ లేదు. "దొర మాటాడీది తమిళం. డ్రస్సరుది తమిళం. క్లాంగులోన కొట్టుకెల్తే తమిళం. తెలుగు సదూకుంటే మా గుంటలు ఎవులితోటి మాటాడతారు? నాతోటేనా?" నేను దాన్ని ఇంగ్లీషులో చక్కగా చెప్పాను. ఒక్క మాట కూడా తప్పు లేకుండా తర్జుమా చేసింది ఆ ఒక్కసారే. నెల తిరిగేసరికి పంతులు వచ్చాడు, మంచివాడు, పిల్లలకు తమిళం బాగానే వచ్చింది.

మావ బడి ఆగిపోయింది. సాయంత్రం నీళ్ళు వెనక్కి పోయి ఇసుక బయటపడినప్పుడు పిల్లలు అలవాటుగా మావ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవారు. "ఏటర్రా, ఇంకేటి బడి? అడిగినాం. వొద్దన్నారు. ఓటేసినాక మరి మాట తప్పకూడదు గదా" అనేవాడు. ఎవరి మీదా కోపం లేదు, అదే నన్ను చంపింది. పది రోజులకు పిల్లలు రావడం మానేశారు. నున్నటి తడి ఇసుక మీద ఎండ్రకాయలు గీసిన గీతలు తప్ప మరేమీ ఉండేవి కావు. నేను ఆఫీసు కిటికీ లోంచి చూసేవాణ్ణి. ఇప్పుడూ కళ్ళు మూసుకుంటే కనబడేది అదే. లోకంలో నాకు ఎక్కడికైనా వెనక్కి వెళ్ళే వరం ఇస్తే ఆ ఇసుక మీదికి వెళతాను, 'ఋ' దగ్గర దారి తప్పడానికి.

తరవాత జపాను వాళ్ళ కాలం వచ్చింది, తోట పాడుబడింది, జనం క్లాంగుకు కొందరు, బంటింగుకు కొందరు వెళ్ళిపోయారు. నేను రేవులో ఓడల కంపెనీ గుమాస్తానయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, ముగ్గురు పిల్లలు. వాళ్ళకు తెలుగు చెబితే అర్థమవుతుంది, జవాబు తమిళంలో వస్తుంది. మొన్న ఓటు వేసే వరసలో నిలబడ్డప్పుడు నా వెనక ఒకావిడ అక్కడి పెట్టెను చూపించి, "ఇది గట్టిదేనా?" అని తమిళంలో కూతుర్ని అడిగింది. మామూలు మాటే. ఆ వారమే బస్సెక్కి బంటింగు వెళ్ళాను.

మావకు డెబ్భై దాటాయి. అత్త పోయింది. కూతురింటి వెనక వసారాలో ఉంటున్నాడు. ఆయన ముందు కింద కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. కన్నం, కాగితం, కోళ్ళు, రేవు, అన్నీ. నేను ఏడుస్తానేమో అనుకున్నాను గాని చెబుతూంటే రెండుసార్లు నవ్వొచ్చింది, అందుకు ఇంకా సిగ్గేసింది.

"ఎన్నన్నావు?"

"ముప్ఫై నాలుగు మావా. ఆ ఆరుతో కలిపి నలభై."

మళ్ళీ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. లైనులో ఒక్కో ఇంటి పేరూ చెబుతూ, పోయినవాళ్ళకు ఒక క్షణం ఆగుతూ. "కంగాణి సుట్టాలు నలభైమంది గదా? మనవోళ్ళం ముప్ఫై ఒకరం. అయితే... ఒరే! ఆడి సుట్టాలే తొమ్మండుగురు నాకేసినారు!" అని తొడ మీద కొట్టుకున్నాడు. "ఆడి పెళ్ళాం ఏసే ఉంటాది. ఆ యమ్మి గుంటడు బాగా నడిసీవోడు అక్షరాల మీద." అంతలో ముఖం మారిపోయింది. "వక్కలప్పతోటి నాను మాటాడనేదురా. నా ఓటు తినీసినాదని. అది ఒట్టేసి సెప్పినాది, నమ్మనేదు. జపానోడి రోజుల్లోన సచ్చిపోనాది, సూడ్డానికి ఎల్లనేదు." వక్కలప్ప మనవలెవరైనా ఇది చదువుతూంటే వాళ్ళకు తెలియాలి. మీ అవ్వ నమిలింది వక్కే.

మావ నన్ను తిట్టలేదు. "అయితే నాను మెంబర్నే గదా" అన్నాడు. మెంబరుగా తన మొదటి తీర్మానం ప్రకారం, నా ముగ్గురు పిల్లలూ ప్రతి ఆదివారం బంటింగు రావాలి, తెలుగు నేర్చుకోవాలి. బంటింగులో సముద్రం లేదు. వసారా సిమెంటు నేల మీద సుద్దతో చిన్న చిన్న అక్షరాలు రాశాడు, వంగలేక కూర్చునే. నాలుగు ఆదివారాలు వెళ్ళాం. నేనూ వాళ్ళ పక్కన బాసింపట్టు వేసుకుని దిద్దాను. నా 'ఱ' చూసి మా చిన్నది నవ్వితే మావ దాన్ని సమర్థించాడు. ఐదో ఆదివారం పిల్లలు గడియారం చూడడం చూసి మావ సుద్ద కింద పెట్టాడు. "సభలోన పెడదాం. వొచ్చే వారం బడి ఉండాలన్నోళ్ళు సెయ్యెత్తండి."

నేను ఎత్తాను. మా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు మర్యాదగా, "వేణాం లా, తాతా. ఆదివారం ఫుట్‌బాల్ లా" అని తమిళంలోనే వద్దన్నాడు. మిగతా ఇద్దరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. నేను కళ్ళెర్రజేశాను. మావ నన్ను వారించాడు.

"ఒరే, బెదిరించకు. ఓటది. మూడు, ఒకటి. ఓడిపోనాం" అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పిల్లలూ ఎందుకో తెలియకుండానే నవ్వారు. నలభై ఏళ్ళు నిండిన గుమాస్తాను, బట్టతలతో, పిల్లల మధ్య ఇంకా చెయ్యి ఎత్తుకునే ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.

తరవాతి ఆదివారం బడి లేదు. పిల్లలు బంతాటకు పోయారు. నేనొక్కణ్ణే బస్సెక్కి వెళ్ళి వసారా మెట్ల మీద నిలబడ్డాను. మావ పడక్కుర్చీలోంచి తల తిప్పి చూశాడు.

"బడి నేదని తీర్మానం అయిపోనాది గదా? మరెందుకొచ్చినావు?"

"ఊరికే మావా. మాటాడదామని."

"ఏ బాసలోన?" అన్నాడు, కుర్చీ పక్కనున్న పీటను కాలితో నా వైపు తోస్తూ.